పచ్చబడిన తెల్ల చెక్క

పోయిన వారం నేను మా ఆయనతో మాట మానేసి, వంటింట్లో గిన్నెల మీద కోపం చూపిస్తూ ఉండగా మిమ్మల్ని వదిలేశాను. కోపం ఇంకా అలాగే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం సంగతి ఇంకోసారి చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మా గేటు పక్కన అత్తయ్య నాటిన చెట్టు ఒకటి ఉండేది. ఆవిడ పోయాక కొన్నాళ్ళకి గాలివానకి అదీ పడిపోయింది. మావయ్య ఆ మొద్దుని పొయ్యిలోకి పోనివ్వలేదు. షెడ్డు వెనక నీడలో తడి నేల మీద దొర్లించి, గోనెపట్టా కప్పారు. బూజు పట్టాలని. అవును, కావాలనే. తెల్ల చెక్కలోకి బూజు పాకి, ఇంకో బూజుకి ఎదురుపడిన చోట సన్నటి నల్లగీత పడుతుంది, పొలానికి గట్టు వేసినట్టు. సరైన సమయానికి తీస్తే ఎవరో తీరిగ్గా కూర్చుని కలంతో గీసినట్టుంటుంది. ఆలస్యమైతే చెక్క చేతిలో పిండి అయిపోతుంది. మా మొద్దులో చాలా భాగం పిండే అయింది. మిగిలింది రెండు గిన్నెలకి సరిపోయింది. అమ్మ గుర్తుగా ఒకటి కొడుక్కి, ఒకటి కూతురికి అని మావయ్య నిర్ణయం.

మొదటి గిన్నెని లేత్‌కి బిగించి, తిప్పుతూ ఉలితో చెక్కింది నేనే. ఆ పని నాకు నేర్పింది మావయ్య. మా ఆయన రైల్వే స్టేషన్‌లో టికెట్లిచ్చే మనిషి, చెక్కకీ ఆయనకీ ఆమడ దూరం. సాయంత్రం గిన్నెని నున్నగా రుద్ది, పాలలా తెల్లగా ఉన్నదాన్ని బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున్నే వెళ్ళి చూస్తే ఎవరో దానికి నూనె పూశారు. బూజు తిన్న మెత్తటి చెక్క నూనెని ఎంతైనా తాగుతుంది. తెల్లటి చోటల్లా పసుపుపచ్చగా తిరిగింది, మెత్తటి చోట గోధుమరంగు మచ్చలు తేలాయి, నల్లగీతలు ఆ మురికిలో కలిసిపోయాయి. నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. అప్పుడు మా ఆయన పళ్ళు తోముకునే బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికొచ్చి, నేనే పూశాను, మెరుస్తుందనుకున్నాను అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇద్దరమే మాట్లాడుకుంటున్నాం, నేనూ మావయ్యా.

ఇక ఈ రోజు సంగతి. మధ్యాహ్నం షిఫ్టుకి మా ఆయన బయల్దేరాడు. క్యారియర్ కట్టి గుమ్మం దగ్గర పెట్టాను, చేతికివ్వలేదు. అది తీసుకుని, వస్తాను అన్నాడు గోడకి చెప్పినట్టు. గోడ తరఫున కూడా నేను బదులివ్వలేదు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అది నేను చూడలేదనే అనుకుని ఉంటాడు.

షెడ్డులోకి వెళ్ళేసరికి మావయ్య పీట వేసుకుని కూర్చున్నారు. ఈ మధ్య ఆయన లేత్ ముట్టుకోవడం లేదు. చెయ్యి వణుకుతోందమ్మాయ్, నువ్వే చెయ్యి అంటున్నారు. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రం ఆ చెయ్యి రాయిలా ఉంటుంది. కొడుకు చేసిన పనికి మనసు విరిగి అలా అంటున్నారని సరిపెట్టుకున్నాను. మొగుడి మీద ఇంకో అభియోగం దొరికిందని లోపల్లోపల సంతోషించాను కూడా.

రెండో ముక్కని మేం కోసిన రోజే చెక్క బద్దల మీద నిలబెట్టి ఫ్యాను ముందు ఎండబెట్టాం. తడిమీద ఉంచితే పైపొర గోధుమరంగు లోపలిదాకా దిగుతుంది. ఎండింది కాబట్టి ఇవాళ లేత్‌కి బిగించాను. మాస్కు కట్టుకోమని మావయ్య గుర్తు చేశారు. బూజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఊరికే పోదని ఆయన భయం. ఉలి నూరిందా లేదా అని అడిగారు. నా గోరు మీద పెట్టి చూపించాను. పుచ్చిన చెక్కకి తడి చూపించకు, నూనె చూపించకు, మొండి ఉలి చూపించకు అని ఆయన నాకు మొదటిరోజే చెప్పారు. మా పెళ్ళిలో చెప్పిన మంత్రాలు ఒక్కటీ గుర్తులేవు గానీ ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

చెక్క తిరుగుతుంటే మొదట పైన గోధుమ పొర పోయింది, కింద నుంచి తెలుపు వచ్చింది. ఎంత తెలుపంటే నాకు నవ్వొచ్చింది. అడుగు నుంచి ఒక నల్లగీత బయల్దేరి, అంచు దాకా వంకరగా పాకి, మధ్యలో ఇంకో గీతని కలుసుకుని ఆగిపోయింది. అత్తయ్య ముగ్గేస్తూ మధ్యలో ఎవరో పలకరిస్తే చెయ్యి ఆపేసిన చోటులా ఉంది. ఆ మాట మావయ్యతో అన్నాను. ఆయన నవ్వారు గానీ దగ్గరికొచ్చి చూడలేదు.

గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాక అసలు ప్రమాదం. నల్లగీతలోంచి నల్లటి దుమ్ము లేస్తుంది, అది పక్కనున్న తెలుపులో కూర్చుంటే ఇక రాదు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి దిగుతుంది. ఇనుప పీచు పెట్టి రుద్దితే ముక్కలు ఇరుక్కుని తర్వాత తుప్పు మచ్చలౌతాయి. అందుకని కాసేపు రుద్దడం, ఆపడం, పంపుతో గాలి కొట్టి దుమ్ము ఊదెయ్యడం. సహనం నా జాతకంలో లేదని మా అమ్మ ఎప్పుడూ అనేది. గిన్నె దగ్గర మాత్రం ఉంది, మనుషుల దగ్గరే లేదు.

చివరిసారి గాలి కొట్టి, గిన్నెని విప్పి, కిటికీ వెలుగులోకి తీసుకొచ్చి మావయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. వేళ్ళతో అంచు చుట్టూ తడిమారు. ఆ తర్వాత చాలా మెల్లగా, నా మనసు నొచ్చుకోకుండా అడుగుతున్నట్టు అడిగారు.

"అప్పుడే నూనె పెట్టేశావేంటమ్మాయ్?"

వేళాకోళం అనుకున్నాను. ఆ గిన్నె మీద ఏమీ లేదు. బోడి చెక్క. నా కళ్ళ ముందు ఉలి కిందనుంచి అప్పుడే బయటపడ్డ తెలుపు. పొద్దున్నే ఎవరి మొహం చూసి లేచారు మావయ్యా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, పరవాలేదులే, పలచగానే పెట్టావు, పైన లాకరు పూత పడితే సర్దుకుంటుంది అన్నారు. నన్ను ఓదారుస్తున్నారు. నేను చెయ్యని తప్పుకి నన్ను ఓదారుస్తున్నారు.

బల్ల మీద పొద్దున్నే ఉతికి ఆరేసిన నూలుగుడ్డ ఉంది. అది తీసి ఆయన ముందు పట్టుకుని, ఇది ఏం రంగు మావయ్యా అన్నాను. ఆయన చాలాసేపు చూశారు.

"గుడ్డ తెల్లదని నాకు తెలుసు కాబట్టి తెలుపే అంటాను," అన్నారు. "కనపడేది మాత్రం టీ మరక ఉతికినట్టు కనపడుతోంది. అన్నీ అలాగే ఉన్నాయమ్మాయ్. గోడ, పాలు, నీ మొహం."

నేను ఆయన ముందు నేల మీదే కూర్చున్నాను. పొట్టు మీద కూర్చున్నానని కూడా చూసుకోలేదు. ఆయన గిన్నె అంచు నిమురుతూ మిగతాది చెప్పారు. మొదటి గిన్నెకి నూనె పూసింది ఆయనే. ఆ రాత్రి నేను పడుకున్నాక షెడ్డులోకి వచ్చి లైటు వేసి చూశారట. గిన్నె పచ్చగా, అక్కడక్కడా మచ్చలుగా కనపడింది. అమ్మాయి మర్చిపోయి నూనె పెట్టేసింది, చూసుకుని ఏడుస్తుంది, రెండో పూత సమంగా పూస్తే మచ్చలు కలిసిపోతాయి, చూసి అంతా తను పూసిన పూతే అనుకుంటుంది అనుకున్నారట. నా పరువు కాపాడాలని, పని నేర్పిన నలభై మందికీ నూనె వద్దని చెప్పిన మనిషి, తన చేత్తో నూనె గుడ్డ పట్టుకున్నారు. పొద్దున్నే నా అరుపు విన్నాకే తెలిసింది, దాని మీద ముందు ఏమీ లేదని. తప్పు గిన్నెలో లేదు, తన కంట్లో ఉందని.

నాకు ముందు కోపమే వచ్చింది. నా కోపం అలాంటిది, ఏడుపు రావాల్సిన చోటికి ముందొచ్చి కుర్చీ వేసుకుంటుంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. నేను మొగుడితో మాట్లాడకుండా తిరుగుతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నారని అడిగాను. ఆయన తల వంచుకున్నారు. చెప్పొద్దన్నది వాడే అన్నారు.

ఆ పొద్దున నేను షెడ్డులో అరుస్తుంటే, తండ్రి మొహం చూసి మా ఆయనకి అర్థమైపోయిందట. ఒక్క ముక్క అడక్కుండా బ్రష్ నోట్లో పెట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నేను అన్న మాటలు మీకు పోయిన వారమే చెప్పాను, మళ్ళీ చెప్పడానికి నాకు మొహం చెల్లదు. చెక్కకీ రాయికీ తేడా తెలియని మనిషివన్నాను. మీ అమ్మ గుర్తుని కూడా మిగల్చలేదన్నాను. అదంతా నిలబడి విన్నాడు. ఆ మర్నాడే డ్యూటీకని చెప్పి తండ్రిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను కట్టిన క్యారియర్ ఆసుపత్రి బెంచీ మీద ఇద్దరూ పంచుకుని తిన్నారట. కూర బాగుందన్నాడమ్మాయ్ అన్నారు మావయ్య. ఆ రోజు కోపంతో నేను కూరలో ఉప్పు వెయ్యలేదు.

ఏడుపు అప్పుడొచ్చింది. మాస్కు మెడలో వేలాడుతుంటే దానితోనే ముక్కు తుడుచుకున్నాను. మావయ్య నా తల మీద చెయ్యి వేసి, ఏడ్చింది చాలు, చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకుని రా, చెమట చేత్తో తెల్ల చెక్కని ముట్టుకోకు అన్నారు. ఆయనకి లోకం మునిగినా చెక్క ముందు.

డాక్టరు ఏమన్నాడని అడిగాను. శుక్లం అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఓస్, శుక్లమే కదా, మా వీధిలో సగం మంది తీయించుకున్నారు, మర్నాడే పేపరు చదువుతున్నారు అన్నాను. ఆయన ఊఁ అన్నారు. ముందు గిన్నెకి పూత పడనీ, దుమ్ము వాలిపోతుంది అన్నారు.

లాకరు నీళ్ళలా ఉంటుంది, రంగు ఉండదు, పచ్చబడదు. కుంచె నేను పట్టుకున్నాను. ఆయన గిన్నెని ఎడమ అరచేతి మీద నిలబెట్టుకుని, కుడి చేతి వేలితో ఇంకా పూత పడని వైపు మెల్లగా తట్టి చూస్తూ వచ్చారు. గట్టి చెక్క టక్కుమంటుంది, మెత్తటి చోట శబ్దం లోపలే ఆగిపోతుంది. ఇక్కడ తాగేస్తుంది, ఇంకొంచెం వెయ్యి. ఇక్కడ గట్టిగా ఉంది, పలచగా లాగెయ్యి. నాకు కళ్ళతో తేడా తెలియని చోట ఆయనకి వేలితో తెలుస్తోంది. తడి ఆరగానే ఇంకో పలచటి పూత వేశాం. మచ్చ లేదు, పసుపు లేదు. గీతలు వేటికవి విడివిడిగా నిలిచాయి. తెల్లగా ఉందా అని అడిగారు. ఉంది మావయ్యా అన్నాను. నిజంగానా అని మళ్ళీ అడిగారు. అత్తయ్య మీద ఒట్టు అన్నాను. అప్పుడు తృప్తిగా గోడకి ఆనుకున్నారు.

పాడైన మొదటి గిన్నె ఎవరికివ్వాలని అడిగితే, వాడికే ఇచ్చెయ్, వాడే పూశానని ఒప్పుకున్నాడుగా అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నేను ఆపరేషన్ ఎప్పుడని అడిగాను. నేను చేయించుకోనన్నాను అన్నారాయన.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. వీధిలో అందరి పేర్లూ చెప్పాను. పాలబూత్ తాతకి తొంభై దగ్గర పడుతోంది, ఆయనే చేయించుకున్నాడన్నాను. కత్తికి భయమైతే ఇన్నేళ్ళు ఉలితో ఎలా బతికారని దెప్పాను. ఆయన అన్నీ విన్నారు.

"వాళ్ళందరికీ రెండు కళ్ళమ్మాయ్. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. నాకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది."

నేను అర్థం కానట్టు చూశాను. పెళ్ళికి ముందే, పని నేర్చుకునే రోజుల్లో, లేత్ మీంచి చెక్క పేడు ఎగిరొచ్చి తగిలిందట. పైకి కన్ను కన్నులాగే నిలిచింది, చూపు రాలేదు. గురువు చూస్తే పనిలోంచి తీసేస్తాడని ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకి మాత్రం పెళ్ళైన వారానికే తెలిసిపోయింది. ఆవిడ ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని వెళ్ళిపోయింది. మొన్న ఆసుపత్రిలో కొడుకు ముందు బయటపడింది.

నాకొకటి గుర్తొచ్చి చెంప మీద కొట్టినట్టయింది. మావయ్య లేత్ దగ్గర నిలబడితే మొహం కొంచెం ఎడమకి తిప్పి పెడతారు. నేను పని నేర్చుకుంటున్నప్పుడు అది పనితనం అనుకున్నాను. చెక్కని అలా చూస్తేనే వంపు తెలుస్తుందేమో అనుకుని, మెడ నొప్పి పుట్టినా నేనూ అలాగే తిప్పి పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఇవాళ్టికీ నా మెడ అలాగే తిరుగుతుంది. ఉన్న ఒక్క కన్నునీ చెక్క ఎదురుగా తెచ్చుకోవడానికి ఆయన తిప్పిన మెడ అది. రెండు కళ్ళూ పెట్టుకుని నేను దాన్ని నేర్చుకున్నాను. ఆ మాట ఆయనతో అన్నాను. నేను చూస్తూనే ఉన్నాను, వద్దని చెప్తే ఎందుకని అడుగుతావని చెప్పలేదు అన్నారు. ఇంతకాలం మేమిద్దరం ఒకే వంకర మెడతో పక్కపక్కన పని చేశాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

ఇప్పుడు ఉన్నది ఆ ఒక్కటే అన్నారాయన. పచ్చగానో మసగ్గానో, ఏదో ఒకటి కనపడుతోంది. నువ్వు కనపడుతున్నావు, గీత కనపడుతోంది. తీస్తే బాగుపడొచ్చు. చెయ్యి జారితే చీకటే. తియ్యకపోతే మెల్లగా అదే మూసుకుపోతుంది. డాక్టరు మంచివాడే, భయం లేదనే అన్నాడు. మంచి పనివాడి చేతిలో కూడా చెక్క పగలడం నేను చూశానమ్మాయ్ అన్నారు. అది నేనూ చూశాను.

గేటు చప్పుడైంది. మా ఆయన. షిఫ్టు మధ్యలోనే వచ్చేశాడు, చేతిలో ఆసుపత్రి కవరు ఉంది. షెడ్డు గుమ్మంలో ఆగి, నా మొహం చూశాడు, తండ్రి ఒళ్ళో గిన్నె చూశాడు. నాకు సంగతంతా తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోయింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. క్షమించండి అనాలి. కూరలో ఉప్పు లేకపోతే చెప్పొద్దా అన్నాను. చెప్తే ఇంకా తగ్గిస్తావని భయపడ్డాను అన్నాడు. లోపలికొచ్చి నా జుట్టులో ఇరుక్కున్న చెక్కపొట్టు ఒకటి తీసి పక్కన పడేశాడు. అంతే, మా మధ్య గొడవ అయిపోయింది.

అప్పుడు తండ్రితో చెప్పాడు. ఆపరేషన్‌కి రేపు పొద్దున పరగడుపున రమ్మన్నారట. ఈసారి వెళ్ళకపోతే ఆ పెద్ద డాక్టరు మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదట. వస్తావా నాన్నా అని అడిగాడు. మావయ్య గిన్నెని చేతుల్లోకి తీసుకుని నా వైపు తిరిగారు. మొహం కొంచెం ఎడమకి తిప్పి, ఉన్న ఒక్క కన్నుతో నన్ను సూటిగా చూశారు.

"నన్నడక్కు, అమ్మాయినడుగు. చెక్క సంగతి నేను చెప్పాను, అది వింది. కంటి సంగతి అది చెప్తుంది, నేను వింటాను. రమ్మంటే వస్తాను, వద్దంటే ఇక ఎవరూ ఆ మాటెత్తకూడదు."

వెళ్దాం మావయ్యా అని నాలుక చివరిదాకా వచ్చింది. భయమేసింది, అయినా అదే అనాలని తెలుసు. నోరు తెరవబోతూ, ధైర్యం కోసం మా ఆయన వైపు చూశాను. ఆయన తండ్రికి ఎడమ పక్కన, ఒక్క అడుగు వెనక నిలబడి ఉన్నాడు. మావయ్యకి కనపడని వైపు. తండ్రిని ఆసుపత్రికి తిప్పిన మనిషే, ఆ ఒక్క కన్నూ పోతుందేమోనని భయపడుతూ, కవరుని గుండెకి అదుముకుని, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, వద్దని చెప్పు అన్నట్టు నాకేసి తల అడ్డంగా ఊపుతున్నాడు.

మావయ్య చిన్నగా నవ్వుతూ నా జవాబు కోసం ఎదురు చూస్తున్నారు.